రే చార్లెస్ పాడిన పరాయి పాటలు

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఒకే ఒక్క ఎల్పీ రికార్డు గురించి. 1962 ఏప్రిల్‌లో అమెరికాలో విడుదలైన ఆ ఆల్బమ్ పేరు ‘మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్’. కంట్రీ అంటే అక్కడి దక్షిణ రాష్ట్రాల పల్లె సంగీతం. పాడినవారు రే చార్లెస్. ఇందులో పన్నెండు పాటలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఆయన సొంత రచన కాదు, ఒక్కటి కూడా అప్పటికి కొత్తది కాదు. అన్నీ అంతకుముందు వేరేవాళ్లు పాడి, జనం నోళ్లలో నానిన పాటలే. అయినా ఈ రికార్డు వచ్చిన కొద్ది వారాలకే దేశమంతా కొత్త పాటలు విన్నట్టుగా విన్నది. విన్నవాళ్లకు తెలియనిది పాట కాదు, ఆ పాటలో అంత చోటున్నదన్న సంగతి.

మన నాటకాల పందిళ్లలో రాత్రంతా కూర్చున్నవాళ్లకు ఇది వింతగా తోచకూడదు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ చూడటానికి వచ్చే ప్రేక్షకుడికి కథ తెలుసు, పద్యాలు తెలుసు, కొన్నిచోట్ల నటుడికంటే ముందుగానే పెదవులు కదిలిస్తాడు. అతను వచ్చింది పద్యం తెలుసుకోవడానికి కాదు. ఈ రాత్రి కృష్ణ వేషం కట్టినవాడు రాయబారం పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకుంటాడు, ఏ మాట దగ్గర ఆగుతాడు, చివరి పాదాన్ని ఎంతదూరం లాగి ఎక్కడ దించుతాడు అన్నది వినడానికి వచ్చాడు. బందా కనకలింగేశ్వరరావు గారి కృష్ణుడు వేరు, షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుడు వేరు. పద్యం ఒక్కటే. ‘వన్స్ మోర్’ అని కేకలు పడేది పద్యకర్త కోసం కాదు, ఆ పూట ఆ గొంతులో ఆ పద్యానికి కలిగిన కొత్త రూపం కోసం. రే చార్లెస్ ఆల్బమ్‌లోకి వెళ్లడానికి మనకు ఇంతకంటే దగ్గరి దారి లేదనుకుంటాను. ఈ పోలికను ఇక్కడితో ఆపుతాను, ఎందుకంటే ఆ పాటల వెనక ఉన్న గొడవ మాత్రం పూర్తిగా అమెరికాది.

ముందుగా మనిషి గురించి కొంచెం. రే చార్లెస్ రాబిన్సన్ 1930 సెప్టెంబర్ 23న జార్జియా రాష్ట్రంలోని ఆల్బనీలో పుట్టాడు. పెరిగింది ఫ్లోరిడాలోని గ్రీన్‌విల్ అనే చిన్న ఊళ్లో. గ్లకోమా వల్ల చిన్నతనంలోనే చూపు మసకబారుతూ వచ్చి ఏడేళ్లనాటికి పూర్తిగా పోయింది. సెయింట్ అగస్టీన్‌లోని బధిరుల, అంధుల పాఠశాలలో చేర్చారు. అక్కడ బ్రెయిలీ లిపిలో సంగీతం చదవడం నేర్చుకున్నాడు. ఇందులో ఒక కష్టముంది, దాన్ని గమనించాలి. చూపున్నవాడు కాగితం మీద స్వరాలను చూస్తూ రెండు చేతులతో వాయించగలడు. బ్రెయిలీలో చదవడానికే ఒక చేయి కావాలి. కనుక ఒక చేత్తో కొన్ని చుక్కలు తడిమి చదివి, రెండో చేత్తో వాయించి, తర్వాత చేతులు మార్చి, చివరికి మొత్తం కంఠస్థం చేసి, ఆ మీదటే రెండు చేతులూ మెట్ల మీద పెట్టాలి. పాటను ముక్కలుగా విప్పి, ఏ ముక్క ఎక్కడిదో మనసులో నిలుపుకొని, మళ్లీ కూర్చడం ఆ పిల్లవాడికి చదువు పద్ధతిగానే అలవడింది. ముప్పై ఏళ్లు దాటాక చేసిన ఈ ఆల్బమ్‌లో ఇతరుల పాటలను విప్పి కూర్చిన తీరు వింటున్నప్పుడల్లా నాకు ఆ బ్రెయిలీ పాఠమే గుర్తుకొస్తుంది.

ఆ ఇంట్లో, ఆ ఊళ్లో వినిపించిన సంగీతం ఒక్క రకానిది కాదు. చర్చిలో గాస్పెల్ అనే భక్తిగీతాలు ఉండేవి, ఊళ్లోని చిన్న కొట్టులో పియానో మీద బూగీ వూగీ అనే చురుకైన నడక ఉండేది, శనివారం రాత్రి రేడియోలో ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ ఉండేది. నాష్‌విల్‌లోని డబ్ల్యూ.ఎస్.ఎం. రేడియో కేంద్రం 1925 నుంచి ప్రసారం చేస్తూ వచ్చిన ఆ కార్యక్రమం తెల్లవారి పల్లె సంగీతానికి పుట్టిల్లు. దాన్ని తాను చిన్నప్పటినుంచీ ఇష్టంగా వినేవాడినని రే చార్లెస్ ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. అంతేకాదు, 1940ల చివర్లో బతుకుతెరువు కోసం ఊరూరా తిరుగుతున్న రోజుల్లో, టాంపాలో ఫ్లోరిడా ప్లేబాయ్స్ అనే తెల్లవారి కంట్రీ బృందంలో పియానో వాయించాడు. కాబట్టి 1962లో ఆయన కంట్రీ పాటలు పాడటాన్ని ఒక నల్లజాతి గాయకుడు పరాయి పొలంలో అడుగు పెట్టడంగా చెప్పేవాళ్లు ఈ రెండు సంగతులు మరచిపోతారు. నా ప్రసంగానికి ‘పరాయి పాటలు’ అని పేరు పెట్టాను గాని, ఆ పరాయితనం ఎవరు కల్పించినదో కూడా చెప్పుకోవాలి.

1920లలో రికార్డు కంపెనీలు దక్షిణ రాష్ట్రాల సంగీతాన్ని అమ్మడం మొదలుపెట్టినప్పుడు కేటలాగులను రెండుగా విడగొట్టాయి. నల్లవారు పాడినవి ‘రేస్ రికార్డులు’, తెల్లవారు పాడినవి ‘హిల్‌బిలీ’. ఒకే ఊళ్లో, ఒకే గిటారు మీద, ఒకే పాటను ఇద్దరు పాడినా, పాడినవాడి రంగును బట్టి రికార్డు వేరే అరలోకి వెళ్లేది. 1949లో, రికార్డుల గిరాకీని బట్టి వరుస పట్టికలు వేసే బిల్‌బోర్డ్ పత్రిక ఈ శీర్షికలను కొంచెం మర్యాదగా మార్చి, ఒకదాన్ని ‘రిథమ్ అండ్ బ్లూస్’ అనీ, రెండోదాన్ని ‘కంట్రీ అండ్ వెస్టర్న్’ అనీ పిలవసాగింది. పేర్లు మారాయి, అరలు మారలేదు. ‘రిథమ్ అండ్ బ్లూస్’ అన్న పేరు సూచించినవాడు అప్పట్లో ఆ పత్రికలో పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్. ఆయనే తర్వాత అట్లాంటిక్ కంపెనీలో చేరి రే చార్లెస్ రికార్డులకు నిర్మాత కావడం చరిత్ర చేసిన చిన్న చమత్కారం.

ఆ అరల వెనక అసలు సంగీతం ఎలా నడిచిందో చూడండి. ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ తొలినాళ్లలో శ్రోతలకు బాగా నచ్చిన కళాకారుల్లో ఒకడు హార్మోనికా వాయించే డీఫోర్డ్ బెయిలీ. ఆయన నల్లజాతివాడు. 1941లో ఆయనను తీసివేశారు. కంట్రీ సంగీతానికి మూలస్తంభమని చెప్పుకునే హ్యాంక్ విలియమ్స్ అలబామాలో కుర్రవాడిగా ఉన్నప్పుడు గిటారు పాఠాలు నేర్చుకున్నది రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడి దగ్గర. హ్యాంక్ పాటల్లోని బ్లూస్ వాసన, అంటే నల్లవారి విషాదగీతాల వాసన, ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. ఇరవై తొమ్మిదేళ్లకే, 1953 జనవరి 1న చనిపోయిన ఆ హ్యాంక్ రాసిన పాటలు రెండు, ఇతరులు రాయగా ఆయన పాడి పేరు తెచ్చినది ఒకటి రే చార్లెస్ ఈ ఆల్బమ్‌లోకి తీసుకున్నాడు. అప్పుపోయిన సొమ్ము వడ్డీతో తిరిగి ఇల్లు చేరినట్టుగా ఉంటుంది ఆ లెక్క.

ఇక ఆల్బమ్ ఎలా పుట్టిందో చెబుతాను. 1950లలో అట్లాంటిక్ కంపెనీకి పాడుతూ రే చార్లెస్ చేసిన పని, చర్చి పాట నడకను ప్రేమపాటలోకి తీసుకురావడం. 1954 చివర్లో వచ్చిన ‘ఐ గాట్ ఎ వుమన్’ ఒక గాస్పెల్ పాట మీద కట్టినదే. దేవుడి పాటను ఆడదాని పాట చేశాడని చర్చివాళ్లు తిట్టిపోశారు, సోల్ సంగీతం అని తర్వాత పేరుపడిన దానికి పునాది పడింది. అంతకుముందు కొన్నేళ్లపాటు ఆయన అప్పటికే పేరున్న గాయకులు నాట్ కింగ్ కోల్‌ను, చార్లెస్ బ్రౌన్‌ను అచ్చంగా అనుకరిస్తూ పాడినవాడే. జాజ్ చేయి ఎలాగూ ఉంది. పెద్ద ఇత్తడి బృందాలతో పూర్తి జాజ్ రికార్డులు కూడా చేశాడు. 1959 చివర్లో ఏబీసీ పారామౌంట్ కంపెనీకి మారాడు. ఆ మార్పులో పాటకంటే ముఖ్యమైనది ఒప్పంద పత్రం. తన మాస్టర్ టేపుల మీద, అంటే అసలు రికార్డింగుల మీద, హక్కు తనకే దక్కేటట్టు రాయించుకున్నాడు. ఆ రోజుల్లో అది తెల్లజాతి గాయకులకు కూడా దాదాపు దొరకని షరతు. ఏ పాటలు పాడాలో తానే నిర్ణయించుకునే వెసులుబాటు కూడా వచ్చింది. ఇప్పుడు మనం మెచ్చుకుంటున్న సాహసానికి ఆ కాగితమే ఆధారం. జేబులో హక్కుపత్రం లేని కళాకారుడు ఎంత ధైర్యవంతుడైనా కంపెనీ వారి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

కంట్రీ పాటలతో ఒక పూర్తి ఆల్బమ్ చేస్తానన్నప్పుడు కంపెనీ పెద్దలు సంతోషించలేదు. ‘జార్జియా ఆన్ మై మైండ్’ 1960లో, ‘హిట్ ది రోడ్ జాక్’ 1961లో దేశంలోకెల్లా మొదటి స్థానానికి చేరాయి. అంతటి గిరాకీ ఉన్న గాయకుడు తన శ్రోతలను పోగొట్టుకుంటాడేమోనని వారి భయం. ఆయన వినలేదు. నిర్మాత సిడ్ ఫెల్లర్‌ను పిలిచి, మంచి కంట్రీ పాటలన్నీ సేకరించమన్నాడు. ఫెల్లర్ పాటల ప్రచురణకర్తలకు కబురుపెట్టి పాత పాటలను టేపుల మీద తెప్పించి పంపాడు. వాటిని విని ఏరుకున్నవాడు రే చార్లెసే. న్యూయార్క్‌లోనూ హాలీవుడ్‌లోనూ 1962 ఫిబ్రవరిలో, కొద్దిరోజుల్లోనే రికార్డింగ్ ముగిసింది. సగం పాటలకు జాజ్ ఇత్తడి బృందం, సగం పాటలకు వయొలిన్ల బృందం, బృందగానం. ఇత్తడి బృందానికి వాద్యరచన చేసినవారు జెరాల్డ్ విల్సన్, గిల్ ఫుల్లర్. వయొలిన్ల పాటలకు చేసినవాడు మార్టీ పేచ్.

ఏరుకున్న పద్ధతిలోనే ఆయన ఉద్దేశం కనబడుతుంది. ఈ పాటల్లో గుర్రాలు లేవు, గొడ్లమందలు లేవు, పశ్చిమ మైదానాలు లేవు. పన్నెండింటిలో దాదాపు అన్నీ ప్రేమలో ఓడినవాడి మాటలు, కాదంటే ప్రేమించిన మనిషి ముందు నోరు పెగలనివాడి మాటలు. భాష చాలా తేలిక, మూడో తరగతి చదివినవాడికీ అర్థమవుతుంది. బ్లూస్ పాట వలె ఇక్కడ కూడా చెప్పవలసింది సూటిగా చెప్పేస్తారు, అలంకారం పెట్టరు. తాను కంట్రీ గాయకుడిని కానని, కంట్రీ పాటలను తన తీరున పాడానని ఆయన తర్వాత పలుమార్లు చెప్పాడు. ఆ తేడా చాలా పెద్దది. కంట్రీ గాయకుల ముక్కు పలుకు గాని, ఎగిరిపడే యోడలింగ్ గాని, జారే స్టీల్ గిటారు గాని, పల్లె బాణీ ఫిడేలు గాని ఈ రికార్డులో ఎక్కడా లేవు. ఆయన తీసుకున్నవి మాటలు, వరస. మిగతాదంతా దించి పక్కన పెట్టాడు.

[ఇక్కడ వక్త ‘ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ’ పాటను మొదట కంట్రీ గాయకుడు డాన్ గిబ్సన్ గొంతులోనూ, తర్వాత రే చార్లెస్ గొంతులోనూ వినిపించారు.]

విన్నారు కదా. ఈ పాటను డాన్ గిబ్సన్ 1957లో టెనెసీ రాష్ట్రంలో నాక్స్‌విల్ దగ్గర ఒక ట్రెయిలర్ ఇంట్లో ఉంటూ రాశాడు. అప్పుల వాళ్లు వచ్చి ఇంట్లోని టెలివిజన్‌ను, వాక్యూమ్ క్లీనర్‌ను పట్టుకుపోయిన రోజున రాశాడని చెబుతారు. అదే రోజున ఇంకో పాట కూడా రాశాడు, ఆ ఇంకో పాటే ముందుగా పెద్ద హిట్టయింది. ఇది ఆ రికార్డుకు రెండోవైపున వచ్చిన పాట. గిబ్సన్ పాడిన తీరు నిబ్బరంగా, ఒక మాదిరి నడకతో సాగుతుంది, బాధ ఉన్నా అడుగు తడబడదు.

రే చార్లెస్ చేసిన మొదటి మార్పు నడకలో. కాలప్రమాణాన్ని బాగా తగ్గించి, ఒక్కో దెబ్బనూ మూడుగా విడగొట్టాడు. మన భాషలో తిశ్ర నడక అనవచ్చు. చర్చిలో నెమ్మదిగా సాగే గాస్పెల్ పాటలకు ఇదే ఊపు. రెండో మార్పు ఇంకా సూక్ష్మమైనది. మళ్లీ వినండి, పాట పల్లవిలోని మొదటి మాటలను, అంటే పాట పేరునే, ఎత్తుకునేది రే చార్లెస్ కాదు. వెనకనున్న బృందం ఎత్తుకుంటుంది. నున్నగా, ఇస్త్రీ చేసిన చొక్కాల్లా పాడే బృందం అది. వాళ్లు ‘నిన్ను ప్రేమించడం మానలేను’ అన్నాక, ఆయన ఒక క్షణం ఆగి, మిగతా సగం వాక్యాన్ని పూరిస్తాడు. చర్చిలో బోధకుడు ముందు పలికితే సభ బదులు పలుకుతుంది. బుర్రకథలో కథకుడు ముందు అంటే వంతలు అందుకుంటారు. ఇక్కడ వరస తిరగబడింది. నాయకుడు వంతగాడయ్యాడు. లోకమంతా తన సంగతి ముందే చెప్పేస్తుంటే, ‘అవును, అంతే’ అని తలవంచుకొని ఒప్పుకుంటున్నవాడి గొంతు అది. ఈ ఒక్క ఏర్పాటుతో పాట అర్థమే మారిపోయింది. గిబ్సన్ పాటలో ఆ మాట ఒక నిర్ణయం. రే చార్లెస్ పాటలో అది ఒప్పుకోలు.

మరొకటి. బృందం తాళానికి సరిగ్గా వచ్చి కూర్చుంటుంది. ఆయన గొంతు ప్రతిసారీ కొంచెం ఆలస్యంగా వస్తుంది. తాళం తప్పడం కాదది. జాజ్ గాయకులు అభ్యాసంతో సాధించే ఆలస్యం. సభకు అందరూ వేళకు వచ్చి కూర్చున్నాక, రావాలా వద్దా అని గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిలా ఆ మాటలు లోపలికి వస్తాయి. పాట చివరకు వచ్చేటప్పటికి బృందాన్ని ఉద్దేశించి, పిల్లలూ పాడండి అన్నట్టుగా ఒక మాట అంటాడు. అది మాత్రం అచ్చంగా చర్చి బోధకుడి మాట. అన్నాక కూడా తాను మళ్లీ వాళ్ల వెనకే వెళతాడు.

వయొలిన్ల గురించి ఒక మాట చెప్పాలి. ఈ పాటల్లో సగానికి తీపి ఎక్కువైందని, సోల్ గాయకుడిని పాకంలో ముంచారని అప్పటినుంచీ విమర్శ ఉంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. యాభై ఏళ్లనాటి ఒక పాత ఎల్పీని హైదరాబాద్‌లో ఆదివారం సంతలో కొన్నప్పుడు, సూదిని నేరుగా ఇత్తడి పాటల మీదికే దించేవాణ్ణి. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. ఆ వయొలిన్లు న్యూయార్క్ తెలివితేటలు కంట్రీ పాట మీద రుద్దినవి కావు. నాష్‌విల్‌లోనే చెట్ ఆట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ వంటి నిర్మాతలు 1950ల చివరినుంచి పల్లె బాణీ ఫిడేలు తగ్గించి, వయొలిన్ల బృందాన్ని, వెనక పాడే గొంతులను పెంచి, కంట్రీని నగరాల ఇళ్లలోకి పంపే ప్రయత్నంలో ఉన్నారు. 1961లో వచ్చిన కంట్రీ గాయని ప్యాట్సీ క్లైన్ పాట ‘క్రేజీ’ ఆ బాటలోదే. అంటే రే చార్లెస్ వాడిన తీపి కంట్రీ తానే అప్పటికే నేర్చుకుంటున్న తీపి. తేడా ఏమంటే, ఆ తీపికి విరుగుడుగా ఒక కరకు గొంతును మధ్యలో నిలబెట్టాడు. ఎంత నున్నని నేపథ్యం వెనక ఉంటే ఆ గొంతులో చీలిక అంత స్పష్టంగా కనబడుతుంది. తెల్లని గోడ మీద గీత పడినట్టుగా.

నిజానికి నాకు తక్కువ తృప్తినిచ్చేవి ఇత్తడి పాటల్లో కొన్ని. ఆల్బమ్‌ను తెరిచే ‘బై బై లవ్’, ముగించే ‘హే గుడ్ లుకిన్’ రెండూ ఉత్సాహంగా ఉరుకుతాయి, ట్రంపెట్లు మెరుస్తాయి, కాలు ఆడుతుంది. కాని వాటిలో పాటను కొత్తగా అర్థం చేసుకున్నది తక్కువ, కొత్త దుస్తులు వేసింది ఎక్కువ. 1957లో ఎవర్లీ సోదరులు ‘బై బై లవ్’ పాడినప్పుడు, రెండు గొంతులు ఒకదానికొకటి అతుక్కొని వెళ్లే తీరులో ఒక కుర్రతనపు బింకం ఉంటుంది. ఇత్తడి హోరులో అది కొట్టుకుపోయింది. హ్యాంక్ విలియమ్స్ ‘యూ విన్ అగెయిన్’ మాత్రం వేరు. దాన్ని వయొలిన్లతో చౌకకాలంలో, అంటే బాగా నెమ్మదిగా, పాడాడు, మోసపోయినవాడు మళ్లీ మళ్లీ ఓడటానికి సిద్ధపడటం అందులో పూర్తిగా వినిపిస్తుంది.

‘బోర్న్ టు లూజ్’ పాట దగ్గర నేను ఒక జాగ్రత్త చెప్పదలచుకున్నాను. ఓడిపోవడానికే పుట్టాను అన్న పల్లవి రాగానే, చూపు పోయిన పిల్లవాడు, కళ్లెదుటే తొట్టిలో మునిగిపోయిన తమ్ముడు, అతనికి పదిహేనేళ్లు నిండకముందే పోయిన తల్లి, ఇవన్నీ తెచ్చి పాట మీద పోస్తారు. అవి నిజాలే. కాని ఆ పాట టెడ్ డాఫన్ 1940లలో చేసిన కంట్రీ హిట్టు, లక్షలమంది తమ తమ ఓటములు తలచుకొని విన్నది. రే చార్లెస్ గొప్పతనం తన జీవితం చెప్పుకోవడంలో లేదు. ‘లూజ్’ అన్న ఒక్క అక్షరాన్ని ఎంతసేపు పట్టుకోవాలి, పట్టుకొని ఎప్పుడు గొంతును వదిలేయాలి అన్న తూకంలో ఉంది. అది శిల్పం. దాన్ని ఏడుపుగా భావించడం ఆయన పనితనాన్ని తగ్గించడమే.

ఈ ఆల్బమ్‌లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే పాట ఒకటి ఉంది, అది సంగీతం వల్ల కాదు. ‘ఇట్ మేక్స్ నో డిఫరెన్స్ నౌ’ అన్న పాటను ఫ్లాయిడ్ టిల్‌మన్ 1938లో రాసి, అవసరం కొద్దీ 300 డాలర్లకు జిమ్మీ డేవిస్ అనే గాయకుడికి అమ్ముకున్నాడు. ఆ జిమ్మీ డేవిస్ తర్వాత లూయిసియానా రాష్ట్రానికి రెండుసార్లు గవర్నరయ్యాడు. రెండోసారి, 1960లో, నల్లపిల్లలను తెల్లపిల్లల బడుల్లోకి రానివ్వనని వాగ్దానం చేసి గెలిచాడు. 1962 ఫిబ్రవరిలో రే చార్లెస్ ఈ పాట పాడుతున్ననాటికి ఆయన గవర్నరు పదవిలోనే ఉన్నాడు. పాటకు కర్తల్లో ఒకరిగా పేరు కూడా ఉంది. అంటే నల్లజాతి గాయకుడు పాడిన ఈ రికార్డు అమ్ముడైన కొద్దీ జాతి వివక్షను కాపాడే పనిలో ఉన్న గవర్నరుకు కూడా రాయల్టీ అందుతుంది. దీన్ని రే చార్లెస్ ఎలా చూశాడో చెప్పే సాహసం నేను చేయను. కాని ఆయన ఇటువంటి విషయాలు పట్టనివాడు మాత్రం కాదు. 1961 మార్చిలో జార్జియాలోని ఆగస్టాలో కచేరీకి వెళ్లినప్పుడు, కింద నేల మీద నాట్యం తెల్లవారికే, నల్లవారు పైన బాల్కనీలోనే ఉండాలి అని తెలిసి, పాడనని వెనుదిరిగాడు. నిర్వాహకుడు ఒప్పందం తప్పాడని దావా వేశాడు. 1962 జూన్‌లో అట్లాంటా కోర్టు 757 డాలర్లు చెల్లించమంది. ఆ జూన్ నెలలోనే, ‘ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ’ దేశమంతటా మొదటి స్థానంలో ఉంది.

‘ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ’ సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా, రావడం కూడా అనుకోకుండా జరిగింది. కంపెనీకి ఆ ఉద్దేశం లేదు. టాబ్ హంటర్ అనే నటుడు అదే పాటను, అదే వాద్యరచనతో, అచ్చుగుద్దినట్టు పాడి రికార్డు వేసేసరికి, కంపెనీవారు ఉలిక్కిపడి, నాలుగు నిమిషాలకు పైగా ఉన్న పాటను రేడియోకు తగ్గట్టుగా కత్తిరించి హడావిడిగా విడుదల చేశారు. అది ఐదు వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆల్బమ్ పద్నాలుగు వారాలు. వెంటనే విడుదలైన ‘యూ డోంట్ నో మీ’ రెండో స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది అక్టోబర్‌లో రెండో సంపుటం కూడా వచ్చింది. రే చార్లెస్ మొట్టమొదటివాడని కొందరు రాస్తారు, అది సరికాదు. అంతకుముందే, 1961లో, సాలొమన్ బర్క్ ఒక కంట్రీ పాటను సోల్ పాటగా పాడి గెలిచాడు. కాని ఒక పాట వేరు, ఆల్బమ్ పేరులోనే ‘కంట్రీ అండ్ వెస్టర్న్’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి, దాని పక్కన నల్లజాతి గాయకుడి పేరు పెట్టడం వేరు.

ఇంతటి విజయంలోనూ ఒక చోటు ఖాళీగా ఉంది. ఆ ఏడాది పాప్ పట్టికలో, రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో అగ్రస్థానాన ఉన్న ఈ కంట్రీ పాట, బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో అసలు కనబడలేదు. కంట్రీ రేడియో కేంద్రాలు దాన్ని కంట్రీగా లెక్కలోకి తీసుకోలేదు. పాట రాసినవాడు కంట్రీవాడు, వరస కంట్రీది, ఆల్బమ్ పేరులో కంట్రీ ఉంది, అయినా 1920లలో కట్టిన ఆ అర తలుపు తెరుచుకోలేదు. రే చార్లెస్ ఆ పట్టికలో మొదటి స్థానం చూడటానికి 1985 దాకా ఆగవలసి వచ్చింది. అదీ విల్లీ నెల్సన్‌తో కలిసి పాడిన ‘సెవెన్ స్పానిష్ ఏంజెల్స్’ తో. నాష్‌విల్‌లోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను ఎంపిక చేసింది 2021లో. ఆయన 2004 జూన్ 10న చనిపోయారు.

చివరగా ‘యూ డోంట్ నో మీ’ వినిపిస్తాను. కంట్రీ గాయకుడు ఎడ్డీ ఆర్నాల్డ్ ఇచ్చిన ఆలోచన మీద సిండీ వాకర్ రాసిన పాట. సిండీ వాకర్ కంట్రీ రంగంలో అరుదుగా పేరు తెచ్చుకున్న రచయిత్రి, మాట పొదుపులో ఆమెకు సాటి వచ్చేవాళ్లు తక్కువ. ప్రేమ చెప్పలేని మనిషి పాట ఇది. మొదటి చరణంలో ఆమె చేయి అందించి పలకరిస్తుంది, అతని గుండె కొట్టుకుంటుంది, మాట రాదు. చివరి చరణంలో అదే చేయి మళ్లీ అందిస్తుంది, ఈసారి సెలవు తీసుకోవడానికి, ఇంకొకరి పక్కన నడిచి వెళ్లిపోవడానికి. ఎడ్డీ ఆర్నాల్డ్ దీన్ని చాలా అందంగా, నిండైన గొంతుతో, పెద్దమనిషిలా పాడాడు. ఆయన పాడుతుంటే, ఇంత చక్కగా మాట్లాడగలవాడు ఆమెతో ఎందుకు చెప్పలేకపోయాడా అనిపిస్తుంది. రే చార్లెస్ పాడుతుంటే ఆ అనుమానం రాదు. తన ‘వాట్ డ్ ఐ సే’ పాటలో సభ పైకప్పు ఎగిరేలా అరిచిన గొంతు ఇది. ఇక్కడ దాన్ని అదుపులో పెట్టి, సగం మాత్రమే బయటికి వదులుతాడు. రెండు చోట్లా ‘చేయి’ అన్న మాట దగ్గర చెవి పెట్టండి.

[పాట వినిపించారు.]